డటన్ల రాంచ్ చివరికి ఎవరికి చెందాలి? (1883, 1923, ఎల్లోస్టోన్: కథంతా బయటపడుతుంది, చూడనివాళ్లు జాగ్రత్త)

గోదారోడు_డాలస్
మోంటానాలో డటన్ అనే కుటుంబం, వాళ్ల పెద్ద పశువుల రాంచ్ మీద తీసిన ఈ అమెరికన్ టీవీ సిరీస్‌లు మూడూ మొత్తానికి చూడ్డం అయిపోయింది. 1883 పది ఎపిసోడ్లు, 1923 రెండు సీజన్లూ కలిపి పదిహేను, ఎల్లోస్టోన్ యాభై మూడు. ఇప్పుడు ఇంట్లో గొడవ. అందుకే ఇక్కడికొచ్చా.

ఎల్లోస్టోన్ ఆఖరి ఎపిసోడ్‌లో చిన్న కొడుకు కేసీ, డటన్ రాంచ్ మొత్తాన్ని బ్రోకెన్ రాక్ ఆదివాసీ తెగకి ఎకరా డాలరుంపావుకి అమ్మేస్తాడు. వాళ్ల ముత్తాత కాలం నాటి ధర అది. మా ఆవిడ అది పాపపరిహారం అంటుంది. నేనేమో తండ్రి పోయాక పడే వారసత్వ ట్యాక్స్ దెబ్బకి వేరే దారి లేక ఇచ్చాడు తప్ప మనసు మారి కాదు అంటా. మీరేమంటారు?

ఎల్లోస్టోన్ 2018 జూన్‌లో మొదలైంది. 1883 వచ్చింది 2021 డిసెంబర్‌లో. అంటే "ఏడు తరాల తర్వాత మావాళ్లు లేచి ఈ నేల వెనక్కి తీసుకుంటారు" అని స్పాటెడ్ ఈగిల్ అనే తెగ పెద్దాయన దాని ఆఖరి ఎపిసోడ్‌లో చెప్పే సీన్ జనం చూసేసరికి అసలు సిరీస్ నాలుగు సీజన్లు పూర్తిచేసుకుంది. ముందు ఇల్లు కట్టేసి తర్వాత పునాది తవ్వారా అని నా అనుమానం.

బెత్_ఫ్యాన్
ముందు ఒక మాట. ఈ సిరీస్ రాంచ్ యజమాని కూతురు బెత్ కోసం చూడాలి. ఆ పాత్ర వేసిన కెల్లీ రైలీ బ్రిటిష్ అమ్మాయంటే నమ్మబుద్ధి కాదు. మిగతాదంతా ఆవులూ గుర్రాలూ.

పద్మక్క_బెజవాడ
ఒక్క బెత్ కోసం యాభై మూడు ఎపిసోడ్లు చూశావా తమ్ముడూ! నాకైతే 1923లో హెలెన్ మిర్రెన్ వేసిన కారా ముందు బెత్ చిన్నపిల్ల. భర్త ఒంటినిండా తూటాలతో మంచంలో ఉంటే పశువుల సంఘం మీటింగ్‌కి తనే వెళ్లి కుర్చీలో కూర్చుంటుంది చూడు, అరుపులేం ఉండవు. గదిలో ఉన్న మగాళ్లంతా కిక్కురుమనరు.

కొత్తగా_చేరా
అందరికీ నమస్కారం. నేను ఎల్లోస్టోన్ రెండు ఎపిసోడ్లు చూసి ఆపేశాను. ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కాలేదు. పైగా జాన్ డటన్ అనే పేరు అందరికీ ఉందేమిటండీ? ఏది ముందు చూడాలి?

రిటైర్డ్_మాస్టారు
మన ఇళ్లలోనూ తాత పేరు మనవడికి పెడతాం కదమ్మా, అదే పద్ధతి. వంశవృక్షం చెబుతాను.

మూలపురుషుడు జేమ్స్ డటన్, భార్య మార్గరెట్. 1883లో టిమ్ మెక్‌గ్రా, ఫెయిత్ హిల్ వేశారు. వాళ్లు నిజజీవితంలోనూ భార్యాభర్తలే. వీళ్ల పిల్లలు ఎల్సా, జాన్. స్పెన్సర్ తర్వాత పుడతాడు. ఎల్సా బాణం దెబ్బకి విషమెక్కి దారిలోనే పోతుంది. ఆ పిల్లని పాతిపెట్టిన చోటే వీళ్లు ఆగిపోతారు. రాంచ్ అక్కడ పుట్టింది. జేమ్స్ 1893లో పోతాడు. మార్గరెట్ మరిదికి ఉత్తరం రాస్తుంది. ఆయన వచ్చేసరికి ఆవిడ మంచులో బిగుసుకుపోయి ఉంటుంది, పిల్లలిద్దరూ ఆకలితో ఎముకలగూడులా మిగులుతారు. ఆ మరిదే జేకబ్, అంటే 1923లో హారిసన్ ఫోర్డ్. పెద్ద జాన్‌ని గొర్రెల కాపరుల ముఠా కాల్చేస్తుంది. అతని కొడుకు జాక్ కూడా రెండో సీజన్‌లో పోతాడు. కాబట్టి వంశం నడిచింది స్పెన్సర్ వైపు నుంచి. స్పెన్సర్, అలెగ్జాండ్రాలకి పుట్టిన బిడ్డ రెండో జాన్. ఆయన కొడుకు మూడో జాన్, అదే కెవిన్ కాస్ట్నర్. ఆయన పిల్లలు లీ, బెత్, కేసీ, పెంచుకున్న జేమీ. కేసీ కొడుకు టేట్.

చూడ్డం మాత్రం 1883తో మొదలుపెట్టండి. పది ఎపిసోడ్లే, నచ్చకపోతే నష్టం కూడా తక్కువ.

నైజాం_నవీన్
మాస్టారు గారూ, మీ లెక్కనే పట్టుకుంటా. జేమ్స్ ఒకటి, స్పెన్సర్ రెండు, రెండో జాన్ మూడు, కాస్ట్నర్ నాలుగు, కేసీ ఐదు, టేట్ ఆరు. ఏడో తరం ఏది సార్? ఆరుకే దుకాణం బంద్ చేసిన్రు.

గోదారోడు_డాలస్
@నైజాం_నవీన్ ఇదే మా ఆవిడతో కూడా వాదించా. జేమ్స్ వాళ్ల నాన్నని కలుపుకోవాలట. ఆయన మోంటానా మొహమే చూడలేదు కదా అంటే మాట్లాడదు.

పద్మక్క_బెజవాడ
మాట చెప్పింది ఎవరు? స్పాటెడ్ ఈగిల్. "మావాళ్లు లేస్తారు" అన్నాడు. అంటే తరాలు వాళ్ల వైపు నుంచి లెక్కపెట్టాలి గానీ డటన్ల వైపు నుంచి ఎందుకు? మాట ఇచ్చినప్పుడు ముసలాయనకి మనవలు ఉండి ఉంటారు. ఆ లెక్కన ఏడు ఎప్పుడో దాటింది.

నైజాం_నవీన్
అక్కా, మీరు రైటర్‌ని కాపాడుతున్నరు 😀

రిటైర్డ్_మాస్టారు
తరాల లెక్క కన్నా నాకు ఆసక్తిగా ఉన్నది సంవత్సరం. కథ 1883లో పెట్టడం చూసి మొదట నవ్వుకున్నాను. ఆ ఏడాది సెప్టెంబర్ 8న మోంటానాలోని గోల్డ్ క్రీక్ దగ్గర నార్తర్న్ పసిఫిక్ రైలు మార్గం పూర్తయింది. మాజీ అధ్యక్షుడు గ్రాంట్ కూడా ఆ వేడుకకి వచ్చాడు. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌కి 1876లోనే రైలొచ్చింది. మొదటి ఎపిసోడ్‌లో మార్గరెట్, ఎల్సా దిగేది ఆ ఊరి స్టేషన్‌లోనే. అక్కణ్ణుంచి బళ్లు కట్టుకుని నదులు దాటుతూ ఆరెగాన్‌కి బయల్దేరతారు. బళ్ల వరసలు జోరుగా సాగింది 1840ల నుంచి 60ల దాకా.

అయితే ఆ సంవత్సరంలో ఇంకో కథ ఉంది, సిరీస్ దాని జోలికి పోలేదు. 1883-84 చలికాలంలో మోంటానాలోనే బ్లాక్‌ఫీట్ తెగవాళ్లు సుమారు 600 మంది ఆకలితో చచ్చిపోయారు. అడవిదున్నల మందలు అప్పటికే ఖాళీ. ప్రభుత్వం ఇస్తానన్న తిండిగింజలు చాల్లేదు. డటన్లు లోయలో గుడిసె వేసుకుంటున్న చలికాలమే అది.

కథలో రాంచ్ ఉన్న ప్యారడైజ్ వ్యాలీ సంగతీ చెప్పాలి. 1868 ఒప్పందం ప్రకారం ఆ లోయలో నదికి తూర్పు గట్టు క్రో తెగవాళ్ల రిజర్వేషన్. వాళ్ల మొదటి ఏజెన్సీ (ప్రభుత్వ కార్యాలయం), ఫోర్ట్ పార్కర్, ఇప్పటి లివింగ్‌స్టన్ ఊరి పక్కనే ఉండేది. 1882లో అమెరికా కాంగ్రెస్ చట్టంతో రిజర్వేషన్‌లోని ఆ పడమటి ముక్క వాళ్ల చేతినుంచి జారిపోయింది. సరిగ్గా మరుసటేడు జేమ్స్ వచ్చి దిగాడు. అంటే "ఎవరూ లేని నేల" అని ఎవరైనా అంటే, అది ఖాళీ అయి ఏడాదే అయిందని గుర్తుపెట్టుకోండి.

కొత్తగా_చేరా
మాస్టారు గారూ, ఇదంతా సిరీస్‌లో చెప్తారా?

రిటైర్డ్_మాస్టారు
చెప్పరమ్మా. ఆ తెగ పెద్దాయన వేషం వేసిన గ్రహం గ్రీన్ ముఖంలో కొంచెం కనిపిస్తుంది. అంతే.

అనంత_రైతుబిడ్డ
నాకు ట్యాక్స్ గొడవ అర్థం కావట్లేదు. తండ్రి పోతే భూమి కొడుక్కి వస్తుంది. అందులో గవర్నమెంట్‌కి కట్టేదేముంది? మా నాయన పోయినప్పుడు పాస్‌బుక్ మార్చుకోవడానికి తిరిగాం గానీ ట్యాక్స్ అన్న మాటే లేదు.

గోదారోడు_డాలస్
@అనంత_రైతుబిడ్డ మన దగ్గరా ఉండేది. ఎస్టేట్ డ్యూటీ అనేవాళ్లు, 1985లో ఎత్తేశారు. అమెరికాలో ఇంకా ఉంది. 2024లో పోయిన మనిషి ఆస్తి 136 లక్షల డాలర్లు దాటితే పైదాని మీద 40 శాతం దాకా పడుతుంది. మామూలు రైతుకి ఇది తగలదు. కానీ డటన్ల రాంచ్ లక్షల ఎకరాలు, పక్కనే స్కీ రిసార్ట్ కంపెనీలు కాచుకుని ఉన్నాయి. కాగితం మీద విలువ కొండంత, ఆవుల మీద వచ్చేది పిడికెడు. ట్యాక్స్ కట్టాలంటే భూమే అమ్మాలి. భూమి అమ్మితే రిసార్ట్ వస్తుంది. జాన్ డటన్ జీవితమంతా భయపడింది దానికే.

కేసీ ప్లాన్ ఏంటంటే, ఆ తెగ నాయకుడు రేన్‌వాటర్‌కి పాత ధరకి ఇచ్చేయడం. షరతు ఒక్కటే: అమ్మకూడదు, కట్టడాలు కట్టకూడదు. ఈస్ట్ క్యాంప్ ముక్క మాత్రం తనకి ఉంచుకుంటాడు. అందుకే అంటున్నా, ఇది లెక్క, త్యాగం కాదు.

అనంత_రైతుబిడ్డ
ఓహో. అంటే అమ్మినా పోతుంది, ఉంచుకున్నా పోతుంది. మా ఊళ్లో ఎయిర్‌పోర్ట్ రోడ్డు పక్క పొలం ఉన్నోళ్ల టెన్షన్ లాంటిదే.

అయితే ఆ డాలరుంపావు ధర ఎక్కణ్ణుంచి వచ్చింది? ఊరికే పెట్టారా?

రిటైర్డ్_మాస్టారు
నిజమైన ధరే బాబూ. 1877లో డెజర్ట్ ల్యాండ్ యాక్ట్ అని వచ్చింది, మోంటానాకీ వర్తించింది. ఒక మనిషికి 640 ఎకరాల దాకా. దరఖాస్తు పెట్టినప్పుడు ఎకరాకి పావు డాలరు, మూడేళ్లలో నీటిపారుదల చూపించాక ఇంకో డాలరు. మొత్తం డాలరుంపావు. 1862 హోమ్‌స్టెడ్ చట్టంలోనైతే 160 ఎకరాలు దాదాపు ఉచితం, ఐదేళ్లు కాపురముండి సాగు చేస్తే చాలు.

మరి 640 పరిమితి ఉంటే లక్షల ఎకరాలు ఎలా పోగయ్యాయని అడగండి. పశ్చిమ రాష్ట్రాల్లో పెద్ద పశువుల కామందులు జీతగాళ్ల పేర్ల మీద దరఖాస్తులు పెట్టించి తర్వాత తమ పేరు మీదకి మార్చుకునేవాళ్లు. నీళ్లు పెట్టామని చూపించడానికి బకెట్ నీళ్లు పోసి సాక్షులతో ప్రమాణం చేయించినవాళ్లున్నారు. బినామీ మనం కనిపెట్టింది కాదు. జేమ్స్ నుంచి కాస్ట్నర్ దాకా భూమి అలా ఎలా పెరిగిందో ఈ మూడు సిరీస్‌లలో ఎక్కడా సరిగ్గా చూపించలేదు. నాకున్న పెద్ద ఫిర్యాదు అదే.

మంచు_బోజ్‌మన్
హాయ్ అందరికీ. మోంటానాలోని బోజ్‌మన్‌లో చదువుకుంటున్నా, ఈ థ్రెడ్ చూసి అకౌంట్ తెరిచా 😊

మీరు చూసే ఆ ఇల్లు ప్యారడైజ్ వ్యాలీలో లేదు. డార్బీ అనే ఊరి దగ్గర, ఇడాహో సరిహద్దు వైపు, చీఫ్ జోసెఫ్ రాంచ్. మొదటి మూడు సీజన్లలో చాలా భాగం యూటాలో తీశారు. నాలుగో సీజన్ నుంచే పూర్తిగా మోంటానాకి వచ్చారు.

పశువులకి ముద్రలేసే సీన్ ఉంటుంది కదా, అది నిజంగా చూశా. తెలిసినవాళ్ల రాంచ్‌లో మే నెలలో పిలిచారు. గుర్రం మీద ఒకతను తాడు విసిరి దూడ వెనక కాళ్లు పట్టి నిప్పు దగ్గరికి లాక్కొస్తాడు. ఇద్దరు మీదపడి పట్టుకుంటారు. ఒకరు టీకా వేస్తారు, ఒకరు చెవికి ట్యాగ్ కొడతారు, మగదైతే కత్తి పని కూడా అప్పుడే. కాల్చిన ఇనుము తగలగానే తెల్లగా పొగ, వెంట్రుకలు కాలిన కమురు వాసన. అంతా ఒక్క నిమిషం. దూడ లేచి రెండడుగులు తూలి తల్లిని వెతుక్కుంటూ పోతుంది. పొరుగు రాంచ్‌ల వాళ్లందరూ వస్తారు, డబ్బులివ్వరు, భోజనం పెడతారు. రేపు వీళ్లు వాళ్ల దగ్గరికి వెళ్తారు.

ఇదంతా చూశాక, సిరీస్‌లో మనుషుల గుండెల మీద కూడా అదే ముద్ర వేయడం నాకు వేరేలా అనిపించింది. జైలు నుంచి వచ్చిన కుర్రాళ్లకి "నువ్వు ఇక్కడివాడివి" అని చెప్పడం అది. అదే ఇనుముతో "నువ్వు నా ఆస్తివి" అని కూడా చెప్తారు. రాంచ్ ఫోర్‌మన్ రిప్‌కి ఆ తేడా ఎప్పటికీ తెలియదు.

బెత్_ఫ్యాన్
రిప్‌ని ఏమన్నా అంటే ఊరుకోను.

నైజాం_నవీన్
రిప్ మంచోడే బ్రో, ఎన్ని శవాలు మోసిండు పాపం. "ట్రైన్ స్టేషన్" అని ఒక లోయ ఉంటది కదా, జనం లేని కౌంటీ, జ్యూరీకి మనిషే దొరకడు, అందుకే శవాలు అక్కడ పడేస్తరు. ఇది ఉత్త కల్పన అనుకున్న. 2005లో బ్రయాన్ కాల్ట్ అని లా ప్రొఫెసర్ నిజంగనే పేపర్ రాసిండు. ఎల్లోస్టోన్ పార్కులో ఇడాహో కిందికి వచ్చే కొంత భాగం వ్యోమింగ్ ఫెడరల్ కోర్టు పరిధిల ఉంది. రాజ్యాంగం ప్రకారం జ్యూరీ అదే రాష్ట్రం, అదే జిల్లాకి చెందినోళ్లు ఉండాలె. అక్కడ మనుషులే లేరు. కాంగ్రెస్‌కి చెప్పినా ఇప్పటికీ సరిచేయలే.

చివరికి జేమీ శవం కూడా అక్కడికే పోతది. ఎంత న్యాయం అన్నా!

బెత్_ఫ్యాన్
జేమీకి ఆ శాస్తి కావాల్సిందే. చెల్లెల్ని ఏ క్లినిక్‌కి తీసుకెళ్తున్నాడో, అక్కడ ఏం చేస్తారో తెలిసి కూడా నోరు విప్పలేదు. జీవితాంతం పిల్లలు లేకుండా చేశాడు.

పద్మక్క_బెజవాడ
ఆ సీన్ గురించి ఒక్కమాట. జేమీ తీసుకెళ్లేది రిజర్వేషన్‌లోని ప్రభుత్వ క్లినిక్‌కి. గర్భస్రావంతో పాటు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేస్తామని అక్కడ వాళ్లు చెప్తారు. రైటర్ అది ఊరికే రాయలేదు. 1976లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ విభాగమే లెక్క తేల్చింది: ఇండియన్ హెల్త్ సర్వీస్ పన్నెండు ప్రాంతాల్లో నాలుగింటిని మాత్రమే చూస్తే, 1973 నుంచి 76 దాకా 3,406 ఆపరేషన్లు. సమ్మతి పత్రాలు కూడా సరిగ్గా లేవని రాసింది.

అంత ఘోరం జరిగింది ఆ తెగల ఆడవాళ్లకి. సిరీస్‌లో ఆ బాధని మోసేది రాంచ్ కామందు కూతురు. అక్కడ నాకు మనసు చివుక్కుమంది.

మంచు_బోజ్‌మన్
+1 అక్కా. నేనింకోలా చెప్పనా? చివరి ఎపిసోడ్ చూడండి. భూమి తెగకి వచ్చేసింది. కుర్రాళ్లు డటన్ల సమాధి రాళ్లు పడగొడుతుంటే రేన్‌వాటర్ అనుచరుడు మో ఆపుతాడు, మర్యాద ఇవ్వమంటాడు. వెనకాల వినిపించే గొంతు మాత్రం ఎల్సాది. నేల వాళ్లకిచ్చారు, కథ చెప్పే హక్కు ఇవ్వలేదు. రేన్‌వాటర్ మాటల్లో ఆ చివరి నిమిషాలు వినుంటే ఎలా ఉండేది?

గోదారోడు_డాలస్
ఈ ముక్క మా ఆవిడకి చదివి వినిపించా. కాసేపు ఆలోచించి "టియోనా ఉంది కదా" అంది.

పద్మక్క_బెజవాడ
టియోనా రేన్‌వాటర్, అవును. మూడింటిలోనూ నాకు నిద్ర పట్టనివ్వని కథ అదే. 1923లో నార్త్ డకోటాలో మిషన్ బడి. సొంత భాష మాట్లాడితే చేతుల మీద స్కేలు దెబ్బలు, ఇనప డబ్బాలాంటి గదిలో ఎండలో నిలబెట్టడం. అతిశయోక్తి అనుకోవద్దు. అమెరికా ఇంటీరియర్ శాఖ 2024లో ఇచ్చిన నివేదికలో అలాంటి బడులు 417, వాటిల్లో చనిపోయినట్టు తేలిన పిల్లలు కనీసం 973 మంది. ఆ అక్టోబర్‌లో బైడెన్ క్షమాపణ చెప్పాడు.

కానీ చూడండి, రెండు సీజన్లలోనూ టియోనా ఒక్కసారి కూడా డటన్లకి ఎదురుపడదు. హారిసన్ ఫోర్డ్ ఆ బడి గురించి వినను కూడా వినడు. ఇద్దరూ ఒకే తెరమీద, వేర్వేరు దేశాల్లో ఉన్నట్టు. ఆమె చివరికి కాలిఫోర్నియా దారి పడుతుంది.

నైజాం_నవీన్
కలిపితే జేకబ్ ఏదో ఒక పక్క నిలబడాల్సి వస్తది అక్కా. పక్క తీసుకుంటే హీరో ఇమేజ్ పోతది. అందుకే కలపలే.

రిటైర్డ్_మాస్టారు
నవీన్ చెప్పింది పాత రోగమే. నా చిన్నప్పుడు పుస్తకాల్లో బొనాంజా అనే పాత అమెరికన్ టీవీ సిరీస్ గురించి చదివి, తర్వాత యూట్యూబ్‌లో కొన్ని చూశాను. 1959 నుంచి 1973 దాకా పద్నాలుగు సీజన్లు నడిచింది. పాండరోసా అనే రాంచ్, తండ్రి, ముగ్గురు భార్యలకి పుట్టిన ముగ్గురు కొడుకులు. భార్యలు ముగ్గురూ కథ మొదలయ్యేసరికే పోయారు. అందులో తండ్రి ధర్మప్రభువు, భూమి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. ఆ లెక్కన ఎల్లోస్టోన్ కనీసం ప్రశ్న వేసింది. జవాబు దగ్గరికొచ్చేసరికి కాళ్లు వణికాయి.

అనంత_రైతుబిడ్డ
మాస్టారు గారూ, మన ఏజెన్సీ ఏరియాలో 1/70 చట్టం ఉంది కదా, గిరిజనుల భూమి గిరిజనేతరులకి అమ్మితే చెల్లదని. అక్కడ అలాంటిది లేదా?

రిటైర్డ్_మాస్టారు
అక్కడ దారి తిరగబడి నడిచింది. 1887లో డాస్ చట్టం తెచ్చి తెగల ఉమ్మడి భూమిని కుటుంబాల వారీగా ముక్కలు చేశారు, మిగిలింది "అదనం" అని బయటివాళ్లకి తెరిచారు. 1887లో సుమారు 13.8 కోట్ల ఎకరాలున్నవాళ్లకి 1934 నాటికి 4.8 కోట్లు మిగిలాయి. ఆ చట్టాన్ని అప్పుడు ఆపారు. మన 1/70లో లొసుగులు ఎన్నో ఉన్నాయి గానీ, కనీసం కాగితం మీద భూమి వాళ్లవైపు నిలబడింది.

గోదారోడు_డాలస్
సరే, నా ఓటు ఇంకా ట్యాక్స్‌కే. కానీ మా ఆవిడ వైపు ఒక పాయింట్ ఇస్తా. కేసీ సొంత భార్య మోనికా ఆ తెగ అమ్మాయే, టేట్‌లో సగం రక్తం వాళ్లదే. కాబట్టి భూమి బయటికేం పోలేదు, టేట్ అమ్మమ్మ వైపుకి వెళ్లింది.

నైజాం_నవీన్
అన్నా, అంటే డటన్లు మళ్లీ గెలిచిన్రన్నట్టే కదా 😂

బెత్_ఫ్యాన్
బెత్, రిప్ ఇద్దరూ డిల్లన్ అనే ఊరి దగ్గర చిన్న రాంచ్ కొనుక్కుని హాయిగా ఉన్నారు. నాకు అది చాలు.

మోడరేటర్
బెత్, జేమీ గొడవ కోసం వేరే థ్రెడ్ తెరిచాం, దయచేసి అక్కడికి వెళ్లండి. 1923 రెండో సీజన్ చివరి ఎపిసోడ్ గురించి మాట్లాడేవాళ్లు ముందు హెచ్చరిక పెట్టండి, ఇంకా చూడనివాళ్లున్నారు.

కొత్తగా_చేరా
అన్నీ ఇక్కడే చదివేశానుగా మోడరేటర్ గారూ! పర్లేదు. ఎల్సా పోతుందని ముందే తెలిసినా చూడొచ్చా?

పద్మక్క_బెజవాడ
నిక్షేపంగా చూడు. మొదటి ఎపిసోడ్ మొదటి నిమిషాల్లోనే ఆ పిల్లకి బాణం తగలడం వాళ్లే చూపిస్తారు. దారిలో ఎన్నిస్, తర్వాత కొమాంచీ కుర్రాడు శామ్, ఆ రెండు ప్రేమకథలూ చూశాక వచ్చి రాయి. ఆ శామ్ గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడలేదు, నేను కాచుకుని ఉన్నా.